పడవ మధ్యలో కూర్చోకండి

మా పెళ్ళిచూపుల్లో తెనాలిలో మా మామగారు అడిగిన మొదటి ప్రశ్న, "అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?" అని. మా నాన్న నా వంక చూశాడు. ఆయనకూ సరిగ్గా తెలియదు. "తెరచాప పడవలు నడపడం నేర్పుతానండీ" అన్నాను. మామగారికి బియ్యం మిల్లు ఉండేది. మర ఆడితే పని, ఆగితే నష్టం అన్న లెక్కలో బతికిన మనిషి. "అంటే గాలి లేని రోజున ఉద్యోగం లేనట్టేనా బాబూ?" అన్నారు. ముప్పై ఏళ్ళు పైబడి ఆ ఉద్యోగం చేసి, మొన్న రిటైరై, ఇప్పుడు చెబుతున్నాను. నా ఉద్యోగాన్ని అంతకంటే బాగా ఎవరూ వర్ణించలేదు.

ఈ నాలుగు ముక్కలూ మన తీరం వెంట కొత్తగా ఈ పనిలో చేరుతున్న పిల్లల కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. ఆ విషయంలో నా అనుభవం మీకు పనికిరాదు. నాకే పనికిరాలేదు.

అసలు పని

బయటివాళ్ళు ఊహించుకునేది వేరు. నల్ల కళ్ళద్దాలు, తెల్ల తెరచాప, ముందు నీలంగా సముద్రం. నిజానికి పొద్దున్నే చిక్కుపడ్డ తాళ్ళు విప్పుకోవాలి. పడవలకు పట్టిన ఉప్పు మంచినీళ్ళతో కడగాలి. చిరిగిన తెరచాపకు కుట్లు వేయాలి. ఆ తర్వాత గాలి కోసం కాచుకు కూర్చోవాలి. బాపట్ల తీరంలో కొన్ని రోజులు మధ్యాహ్నం దాకా ఆకు కదలదు. పిల్లలు పడవల్లో కూర్చుని, గాలి నా జేబులో ఉన్నట్టు నా వంక చూసేవాళ్ళు. నేను గంభీరంగా మేఘాల వంక చూసేవాణ్ణి. వాటిలో నాకేమీ కనిపించేది కాదు గాని, మాస్టారన్నాక ఎటో ఒకవైపు గంభీరంగా చూడాలి కదా.

ఈ పనిలో మోకాళ్ళు పోతాయి. నడుము పోతుంది. బంధువుల్లో పరువు ముందే పోయి ఉంటుంది కనుక దాని గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. జంపనిలో మా పెదనాన్నగారి అబ్బాయి నన్ను చివరిదాకా "మా తమ్ముడు, బాపట్లలో బోటు డ్రైవరు" అనే పరిచయం చేశాడు. నేను సవరించబోతే, "ఏదైతే ఏంలేరా, కూర్చుని చేసే పనేగా" అనేవాడు.

కూర్చుని చేసే పనే. ఎక్కడ కూర్చోవాలన్నదే నాకు తెలియలేదు.

పెనుమూడి రేవు చదువు

మా జంపని చుట్టూ వరి, చెరకు. మాకు పడవ అంటే రేపల్లె దాటి వెళ్ళాక పెనుమూడి రేవులో కృష్ణ దాటించే పడవే. అప్పటికింకా వంతెన లేదు. అమ్మమ్మగారి ఊరు అవతలి గట్టున ఉండేది. సైకిళ్ళు, గడ్డిమోపులు, మేకలు, ఒక్కోసారి ఒక గేదె, వాటి మధ్యలో మేము. పడవ రవ్వంత ఒరిగిందంటే సరంగు అరిచేవాడు.

"కదలమాకండి! అందరూ మధ్యలోకి జరగండి!"

అమ్మ నా రెక్క పట్టుకుని మధ్యలోకి లాగి కూలేసేది. ఈ డెల్టాలో పుట్టినవాడికి అక్షరాభ్యాసం కంటే ముందు అబ్బే చదువు ఇది. పడవ ఒరిగితే మధ్యలోకి పోవాలి, కింద కూర్చోవాలి, కదలకుండా దేవుణ్ణి తలుచుకోవాలి.

కాలవలో ఈత వచ్చునన్న ఒక్క అర్హతతో బాపట్ల తీరంలో ఒక చిన్న శిక్షణ కేంద్రంలో నాకు ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్ళకి అక్కడికి చిన్న యాట్లు వచ్చాయి. ఇద్దరే పట్టే తేలికైన పడవలు. పడవ చూస్తే ఇంత, తెరచాప చూస్తే పెళ్ళిపందిరంత. వాటిని నడపడం నేర్చుకు రమ్మని నన్ను మద్రాసు పంపారు.

మొదటి రోజే గాలి బాగా వీచింది. యాట్ ఒరిగింది. నేను అమ్మ నేర్పినట్టే చటుక్కున మధ్యలోకి జారి, కింద కూర్చుని, పడవని రెండు చేతులా కావిలించుకున్నాను. పడవ బోర్లా పడింది. నిలబెట్టాం. మళ్ళీ ఒరిగింది. నేను మళ్ళీ మధ్యలోకి. మళ్ళీ బోర్లా. నేర్పే ఆయన తమిళుడు, పెద్దమనిషి. నా పక్కనే నీళ్ళలో తేలుతూ వచ్చీరాని తెలుగులో అన్నాడు.

"అయ్యా, నువ్వు మూట కాదు. మనిషి."

అదీ సంగతి. రేవు పడవలో మనం సరుకు. యాట్‌లో మన ఒళ్ళే తూకపురాయి. గాలి తెరచాపని అటు నెడుతుంటే మనం పాదాలు పడవ అడుగున ఉండే పట్టీల కింద దూర్చి, నడుం దగ్గర్నుంచి ఒళ్ళంతా ఇటువైపు నీళ్ళ మీదికి వాల్చాలి. భయం వేసేకొద్దీ బయటికి పోవాలి. మా అమ్మ వింటే నాలుగు తగిలించేది.

తర్వాత నా దగ్గరికి తెనాలి నుంచి, రేపల్లె నుంచి, కర్లపాలెం నుంచి వచ్చిన పిల్లలంతా ఇదే తప్పు చేశారు. పడవ ఒరగ్గానే ప్రసాదం పంచుతున్నారన్నట్టు మధ్యలోకి చేరేవాళ్ళు. నా సర్వీసంతా "బయటికి వాలు!" అని అరవడంతోనే సరిపోయింది. ఇంకో నియమం కూడా పెట్టాను, పడవలో "అండి"లు వద్దని. "కాస్త వాలండి" అనేలోపు పడవ మునుగుతుంది. మనవాళ్ళ మర్యాద మీకు తెలియనిది కాదు, ఒక్కరూ పాటించలేదు. బోర్లా పడుతూ కూడా, "సార్, పడిపోతున్నామండీ!" అనేవాళ్ళు.

మైకు సారు

మాకు చాలా ఏళ్ళు పైఅధికారిగా ఉన్నాయన నీళ్ళలో కాలు పెట్టగా నేను చూడలేదు. సరుగుడు చెట్ల నీడలో కుర్చీ వేసుకుని, చేతిలో మైకు పట్టుకుని, అక్కణ్ణుంచే మా పడవలన్నీ నడిపేవారు. గాలి లేనప్పుడు "వేగం పెంచండి" అనేవారు. గాలి వచ్చిందంటే "క్లాసు రద్దు, అందరూ ఒడ్డుకి వచ్చేయండి" అనేవారు. గాలి ఎటూ ఒడ్డువైపే వీచేది కనుక ఆయన మాట మాదాకా వచ్చేది కాదు. మేం ఆ సౌకర్యం బాగా వాడుకున్నాం.

ఒకసారి ఎవరో పెద్దవాళ్ళు చూడ్డానికి వచ్చారు. నేను తలపాగా చుట్టి, ఛాతీ విరుచుకుని యాట్ ఎక్కాను. ఒడ్డు దాటి కాస్త దూరం పోగానే గాలి పూర్తిగా చచ్చింది. తెరచాప ఆరేసిన దుప్పటిలా వేలాడింది. పోలేను, రాలేను. ఆ నిశ్శబ్దంలో మైకు మాత్రం చక్కగా వినబడింది. "ఇప్పుడు మా మాస్టారు పడవని కదలకుండా నిలపడం ఎలాగో చూపిస్తున్నారు" అన్నారు ఆయన. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. నన్ను తాడు కట్టి లాక్కొచ్చినప్పుడు కూడా కొట్టారు.

ఆయన పిరికితనం మీద మేం వేసుకున్న జోకులకు లెక్కలేదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. మోటారు పడవ సిద్ధంగా లేకపోతే ఆయన ఒక్క యాట్‌నీ కదలనిచ్చేవారు కాదు. ఎంతటివాడి బంధువైనా లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కనిచ్చేవారు కాదు. మా దగ్గర ఒక్క ప్రాణం పోలేదంటే అందులో నా ప్రతిభ కంటే ఆయన భయం పాలే ఎక్కువ. మీకు అలాంటి అధికారి దొరికితే చాటుగా నవ్వుకోండి. మాట మాత్రం వినండి.

మరి ఎందుకు చేశానంటే

ఇంత చెప్పాక, మరి ఎందుకు అంటిపెట్టుకున్నావయ్యా అని అడుగుతారు.

ఎండాకాలంలో పొద్దు వాలేవేళకు సముద్రం మీంచి గాలి లేస్తుంది. మొదట నీటి రంగు మారుతుంది. దూరాన నల్లటి మరక ఒకటి మీ వైపు పరుగెత్తుకొస్తుంది. అదే గాలి. అది తాకగానే చేతిలో తాడు బిగుసుకుంటుంది, పడవ ఒరుగుతుంది, మీ వీపు నీటిని తాకేదాకా వాలతారు. అప్పటిదాకా పడవ నీళ్ళను తోసుకుంటూ, అవస్థపడుతూ పోతుంటుంది. గాలి ఇంకాస్త పెరుగుతుంది. మీరు ఇంకాస్త వాలతారు. ఉన్నట్టుండి పడవ ముక్కు లేచి, నీళ్ళలోంచి నీళ్ళ మీదికి వచ్చేస్తుంది.

ఆ క్షణాన చప్పుడు మారిపోతుంది. అంతవరకూ గలగలమన్నది, కొత్త గుడ్డ చింపుతున్నట్టు ఒకటే మోత అవుతుంది. చుక్కాని అరచేతిలో సన్నగా వణుకుతుంది. మొహం మీద నీళ్ళు చెళ్ళుమని కొడతాయి, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఒడ్డున సరుగుడు తోటలు వెనక్కి పోతుంటాయి. నిజంగా చూస్తే అదేమంత వేగం కాదు. ఈపురుపాలెం రోడ్డు మీద మా బావమరిది పాత స్కూటరు అంతకంటే జోరుగా పోతుంది. కానీ స్కూటరు ఎక్కినవాడెవడూ తన ఒంటి బరువుతో దాన్ని బోర్లా పడకుండా ఆపనక్కర్లేదు. ఇక్కడ ఇంజను లేదు. గాలి లాగుతుంది, నీళ్ళు మోస్తాయి, మధ్యలో మీరు తాడు పట్టుకుని ఉంటారు. తాడు బెత్తెడు ఎక్కువ లాగినా పడతారు, తక్కువ లాగినా ఆ వేగం పోతుంది. మనసులోకి ఇంకో ఆలోచన రాదు. దేవుడి ముందు కూర్చుని కూడా నేను అంత శ్రద్ధగా ఎన్నడూ లేను. నాకు చాలా సంతోషంగా ఉండేది. దీన్ని గొప్పగా చెప్పే మాట నాకు తెలియదు.

మా ఆవిడ ఒకసారి ఒడ్డున నిలబడి చూసింది. ఇంటికొచ్చాక కంచంలో పప్పు వడ్డిస్తూ, "ఆ మొహం ఇంట్లో కూడా అప్పుడప్పుడూ పెట్టొచ్చుగా" అంది.

ఏడుకొండలు షరతు

నా తర్వాత నా చోటులోకి రావలసిన అమ్మాయి పేరు భవాని. కాలేజీ రోజుల్లో నా దగ్గరే నేర్చుకుంది. వాళ్ళది నిజాంపట్నం వైపు, చేపలవేట మీద బతికే ఇల్లు. వాళ్ళ నాన్న ఏడుకొండలు. కూతురు సముద్రం మీదికి వెళ్ళడానికి ఆయనకేం అభ్యంతరం లేదు. ఎలా వెళుతుందన్నదే ఆయన బాధ. ఒకరోజు వచ్చి, యాట్ చుట్టూ తిరిగి, వేలితో తట్టి చూశాడు.

"ఇంత పల్చగా ఉందేంటి సార్? అట్టపెట్టెలాగా?"

"తేలిగ్గా ఉంటేనే వేగమండి."

"వేగంగా ఎక్కడికి పోతారండి?"

"ఎక్కడికీ పోమండి. అదిగో, నీళ్ళ మీద తేలుతున్న ఆ ఎర్ర డబ్బా దాకా పోయి తిరిగొస్తాం."

"వచ్చి?"

"మళ్ళీ పోతాం."

ఏడుకొండలు నన్ను ఎగాదిగా చూశాడు. మతి ఉన్న మనిషేనా అని తేల్చుకుంటున్నట్టు నాకు అర్థమైంది. "మా తాత తెరచాప మీదే వేటాడాడు సార్. గాలి ముదిరిందంటే చాప దించేసేవోళ్ళు. దించినోళ్ళు ఇంటికొచ్చారు. మీరేమో గాలి ముదిరితే చాప ఎత్తి, పడవ బయట ఏలాడమంటారు. పైగా దాన్ని పిల్లలకి నేర్పిస్తారంట!"

ఆయన పక్కనే ఉన్న కూతురి వైపు తిరిగి షరతు పెట్టాడు. బాగా గాలి ఉన్న రోజున వచ్చి ఒడ్డున నిలబడి చూస్తాడు. ఆయనకి భయం వేసిందంటే భవాని ఆయనతో ఇంటికి వెళ్ళిపోవాలి. భవాని "సరే నాన్నా" అంది.

ఆయన వెళ్ళాక మందలించాను. "ఏంటమ్మా, అలా ఒప్పేసుకున్నావు? ఉద్యోగం చేతికొచ్చాక?"

"రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, గాలెంతుందమ్మా అని అడుగుతాడు సార్. గాలి ఎక్కువుందంటే ఆ పూట అన్నం తినడంట, అమ్మ చెప్పింది. ఆయన్ని అలా పెట్టి నేనిక్కడ సంతోషంగా ఉండలేను. అలాగని ఇది మానేసి కూడా ఉండలేనండి."

అంటూ యాట్ అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. అది మానేసి ఉండలేకపోవడం అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం

గాలి వచ్చిన రోజున ఏడుకొండలు కూడా వచ్చాడు. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతున్నాయి. ఆ గాలికి పడవ నిలవాలంటే ముందు కూర్చునే మనిషి బరువైనవాడై ఉండాలి. అందరూ నా పొట్ట వంక చూశారు. ఇన్నేళ్ళ సర్వీసులో నా పొట్టకు అధికారికంగా పని దొరకడం అదే మొదటిసారి.

మైకు సారు అప్పటికి ఎప్పుడో రిటైరయ్యారు గాని ఆయన నియమాలు మిగిలాయి. జాకెట్లు తొడుక్కున్నాం. మోటారు పడవ ఒడ్డున సిద్ధంగా ఉంది. చుక్కాని భవాని పట్టుకుంది.

మొదటి పరుగు అద్భుతంగా సాగింది. పడవ లేచింది, మోత మొదలైంది, నేను వాలి ఆనందంతో ఊగిపోతున్నాను. ఎర్ర డబ్బా దగ్గర మలుపు తిరిగాం. కొత్త వైపుకు మారి నేనింకా పాదాలు పట్టీల్లో దూర్చకముందే పెద్ద విసురు వచ్చింది. పడవ గట్టిగా ఒరిగింది.

అప్పుడు నేనేం చేశానంటే, చటుక్కున మధ్యలోకి జారి, కింద కూర్చుని, పడవని రెండు చేతులా కావిలించుకున్నాను.

"వాలు!" అని అరిచింది భవాని. సార్ లేదు, అండి లేదు. ఆ కేకకి ఉలిక్కిపడి ఒక్క ఉదుటున బయటికి దూకినట్టు వాలాను. సరిగ్గా అప్పుడే ఆమె తెరచాప వదులు చేసింది. పడవ నిటారుగా లేచింది. నా పాదాలు పట్టీల్లో లేవు. వెనక్కి పల్టీ కొట్టి సముద్రంలో పడ్డాను.

పైకి తేలి చూస్తే, నా బరువు పోయిన పడవ పలుపు తెంచుకున్న కోడెలా ఒరుగుతూ లేస్తూ పోతోంది. నా ప్రాణానికి భయం లేదు, జాకెట్ ఉంది. అలల మీంచి చూస్తే ఒడ్డున ఏడుకొండలు చిన్నగా కనిపించాడు. అయిపోయింది, ఈ పిల్ల బతుకుని నా చేతులతో ముంచేశాను అనుకున్నాను.

భవాని కంగారుపడలేదు. తెరచాప తాడు పూర్తిగా వదిలేసింది. చాప రెపరెపా కొట్టుకుంది, పడవ నిలదొక్కుకుంది. ముక్కుని గాలికెదురుగా తిప్పి, మలుపు తీసుకుని నా వైపు వచ్చింది. ఈ పడవలకి బ్రేకులుండవు. నాకు కాస్త దూరంలోనే మళ్ళీ చాప వదిలి, వేగం చంపి, సరిగ్గా నా పక్కకొచ్చి ఆపింది. మోటారు పడవ మమ్మల్ని చేరేలోపే భవాని నా జాకెట్ భుజాలు పట్టుకుని లాగుతోంది. నన్ను లాగడం తేలిక కాదు. సగం దాకా వచ్చి మళ్ళీ జారిపోయాను.

"కాళ్ళు కొట్టండి సార్! కొట్టండి!"

"అండి" తిరిగొచ్చింది. అంటే గండం గడిచిందన్నమాట.

పడవలో చేపలా పడి ఆయాసపడుతూ ఒక సంగతి గ్రహించాను. చుక్కాని ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది కనుక భయం పోయిందనుకున్నాను. అది పోలేదు, దానికి అవకాశం రాలేదంతే. కొత్తగా చేరే మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. అప్పుడప్పుడూ మీ విద్యార్థికి చుక్కాని ఇచ్చి మీరు ముందు కూర్చోండి. ఎదుటివాడు ఎందుకు మధ్యలోకి దూరతాడో తెలుస్తుంది, అరిచే ముందు ఒక్క క్షణం ఆగుతారు.

ఒడ్డు చేరేసరికి ఏడుకొండలు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. భవాని తలెత్తలేదు. ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"కావాలనే పడ్డారా సార్? అది పడవ తిప్పుకొచ్చుద్దో లేదో నాకు చూపిద్దామని?"

ఇంత చక్కటి అబద్ధాన్ని ఇంతవరకూ ఎవరూ నాకోసం వండి, వడ్డించి పెట్టలేదు. అవునంటే చాలు. ఆ పిల్ల ఉద్యోగమూ నిలుస్తుంది, నా పరువూ నిలుస్తుంది. అవుననడానికి నోరు తెరిచాను కూడా. ముక్కులోంచి ఇంకా ఉప్పునీళ్ళు కారుతున్నాయి. పుట్టింది మొదలు సముద్రాన్నే చూసిన మనిషి కళ్ళలోకి చూస్తూ, ఆ అవతారంతో, గొప్పలకు పోవడం నా వల్ల కాలేదు.

"లేదండి. భయమేసి మధ్యలోకి దూరాను. అందుకే పడ్డాను."

"ఇన్నేళ్ళు చేసినాక కూడానా?"

"కూడానండి."

ఏడుకొండలు మొహం తుడుచుకున్నాడు. "నాక్కూడా ఏసింది సార్, మీరు పడ్డప్పుడు. పడవ ఎనక్కి తిరిగిందాకా ఏసింది. తిరిగినాక లేదు." కూతురి వైపు చూశాడు. "గాలింకా ఉందిగా. ఇంకోసారి పోయిరా. ఇందాక సగమే చూశాను."

ఈసారి నా బదులు మా కేంద్రంలో వంట చేసే నాగేశ్వరరావుని ఎక్కించుకుంది. ఖాళీ దొరికినప్పుడల్లా పడవెక్కే మనిషి, బరువులో నాకు తీసిపోడు, వాలడంలో నన్ను మించినవాడు. నేను తువ్వాలు కప్పుకుని ఏడుకొండలు పక్కన నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, వాళ్ళిద్దర్నీ చూసి కుళ్ళుకున్నాను.

నల్లటి మరక నీళ్ళ మీద పరుగెత్తుకొచ్చి పడవని తాకింది. ఇద్దరూ వాలారు. ముక్కు లేచింది. గాలి మా వైపే వీస్తోంది కనుక, అంత దూరం నుంచీ భవాని వేసిన కేక స్పష్టంగా వినబడింది. మాటలేవీ లేని పెద్ద కేక.

ఏడుకొండలు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏంటి సార్, అరుస్తోంది? ఏమైంది?"

"ఏం కాలేదండి. సంతోషం."

ఆయన చెయ్యి వదల్లేదు. "ఇంట్లో అదెప్పుడూ గట్టిగా మాట్లాడను కూడా మాట్లాడదండి" అన్నాడు. కేక మళ్ళీ వినిపించింది. బాగా వినబడాలని కాబోలు, లుంగీ తడుస్తున్నా చూసుకోకుండా ఇంకాస్త లోతుకి నడిచాడు.